అమ్మ సాక్ష్యం ఏ గుమ్మంలో చెల్లుద్ది?
బెనె ఎఫ్రాయిం చర్చ - తల్లుల జ్ఞాపకాలు

గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో చిన్న యూదు ప్రార్థనామందిరం వొకటి వుంది. 1991లో పెట్టారు. అక్కడ ప్రార్థనకి కూడేవాళ్లు మాదిగలు. తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిం సంతతికి చెందినవాళ్లమనీ, తమ పేరు బెనె ఎఫ్రాయిం అనీ చెప్తారు. వీళ్ల గురించి రాసిన పత్రికలవాళ్లూ, చూడటానికి వచ్చిన విదేశీయులూ చాలావరకు వొకే ప్రశ్న చుట్టూ తిరిగారు. వీళ్లు నిజంగా యూదులేనా? ఈ వ్యాసం ఆ ప్రశ్నకి జవాబు చెప్పదు. ఆ ప్రశ్న అడిగే పద్ధతి వల్ల మన తల్లుల జ్ఞాపకాలకి ఏం జరుగుతోందో చూడటమే దీని పని.

ఈ చర్చని నేను లైబ్రరీలో మొదలుపెట్టాను గాని ముగించింది మాత్రం నార్సింగిలో, మా అమ్మ అద్దెకుంటున్న రెండు గదుల్లో. మాదీ గుంటూరు జిల్లా మాదిగ కుటుంబమే. యూదులం కాదు. లూథరన్ చర్చికి పోయే ఇల్లు. వూళ్లో పని లేక వచ్చిన అమ్మ, పెద్దమ్మ, చిన్నమ్మ ముగ్గురూ ఇప్పుడు నార్సింగిలోనే వుంటున్నారు. అమ్మ కోకాపేట టవర్లలో రెండిళ్లకి వంట చేస్తుంది. చిన్నమ్మ ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో ఆఫీసు వూడుస్తుంది. పెద్దమ్మ మోకాళ్లు పోయి ఇంటి పట్టున వుంది. వొక ఆదివారం సాయంత్రం నేను బెనె ఎఫ్రాయిం సంగతులు చెప్పి, యూదు ధర్మశాస్త్రానికీ గూడెం ఆచారాలకీ చూపిస్తున్న పోలికలు వివరించబోయాను. పెద్దమ్మ మధ్యలోనే ఆపింది.

"ఇందులో కొత్తేముందే? శవాన్ని పూడ్చటం, గొడ్డుకూర తినటం, ముట్టయితే ఎడంగా కూచోటం, అన్నీ మన ఇంట్లో వున్నయ్యేగా. మరి మనం గూడా యూదులమేనా?"

చిన్నమ్మ నవ్వింది. "వాళ్లు యూదులయ్యారు, మనం యేసయ్య బిడ్డలమయ్యాం. మా అమ్మమ్మ మాత్రం ఏదీ కాకుండానే పోయింది" అంది.

ఈ రెండు మాటలూ నాకు పెద్ద ఇబ్బంది తెచ్చిపెట్టాయి. పోలికల్ని రుజువులుగా తీసుకుంటే పెద్దమ్మ ప్రశ్నకి జవాబు లేదు. రుజువులు కావని కొట్టేస్తే, ఆ ఇళ్లలో ఆడవాళ్లు తరాలుగా దాచుకున్న జ్ఞాపకాన్నే కొట్టేసినట్టవుతుంది.

ముందు జరిగిన పనిని గౌరవించాలి. యూలియా ఎగొరొవా, షాహిద్ పర్వేజ్ కలిసి రాసిన 'ది జ్యూస్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' 2013లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది. ఆ పుస్తకం జడ్జి కుర్చీలో కూచోలేదు. యూదులమని చెప్పుకోవటాన్ని కులాన్ని ఎదిరించే దళిత ప్రయత్నాల్లో భాగంగా చదివింది. మన దగ్గర ఈ సంగతి వినగానే "ఇజ్రాయెల్ పోవటానికి ఎత్తు" అని ఎగతాళి చేసినవాళ్లు వున్నారు. వాళ్లందరికంటే ఈ ఇద్దరు పరిశోధకులు మర్యాదగా విన్నారు. అయితే ఈ వుద్యమానికి బయట కనపడే ముఖాలు మగవాళ్లవి. షమూయేల్ యాకోబి 2002లో తెచ్చిన 'ది కల్చరల్ హెర్మెన్యూటిక్స్'లో తెలుగు మాటలకీ హీబ్రూ మాటలకీ చుట్టరికం వెతికారు. ఆయన తమ్ముడు సాదోక్ యాకోబి ప్రార్థనామందిరం నడిపారు. గ్రంథం, భాష, గోత్రం, ఇవి రుజువులకి నిలబడతాయని వాళ్లు నమ్మిన ఆధారాలు. వంటిల్లు అంత తొందరగా ఆధారం కాదు.

1991 అనే సంవత్సరాన్ని విడిగా చూడలేం. 1985 జులైలో కారంచేడు. 1991 ఆగస్టు 6న అదే గుంటూరు జిల్లాలో చుండూరు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడి నుంచి మాదిగ దండోరా. వొకే నేల మీద, పదేళ్ల లోపల, దళితులు తామెవరో తామే చెప్పుకోవటానికి రకరకాలుగా నోరు విప్పారు. దండోరా 'మాదిగ' అన్న తిట్టునే పేరు చివర తగిలించుకుని తిరిగింది. బెనె ఎఫ్రాయిం ఆ పేరు వెనకాల ఇంకో పాత పేరు వుందంది. ఈ రెండూ ఎదురెదురు దారుల్లా కనపడతాయి గాని బయల్దేరిన చోటు వొకటే.

తమకో మూలకథ వుందనటం మాదిగలకి కొత్త కాదు. చిందోళ్లు, డక్కలోళ్లు చెప్పే జాంబపురాణంలో భూమి పుట్టక ముందే జాంబవంతుడు వున్నాడు. అరుంధతి మా ఆడబిడ్డే, మాతంగి మా తల్లే. ఎఫ్రాయిం కథ చెప్పేదీ దాదాపు అదే. మేం తక్కువగా పుట్టలేదు, మమ్మల్ని తక్కువ చేశారు. ఈ దేశంలో వొక బ్రాహ్మడు ఫలానా రుషి గోత్రం నాదంటే ఎవరైనా కాగితం అడిగారా? రాజుల వంశవృక్షాలు సూర్యుడి దాకా పోతే ఎవరూ నవ్వలేదు. మాదిగవాడు ఎఫ్రాయిం పేరెత్తగానే మాత్రం రుజువులు కావాల్సొచ్చాయి.

ఇక రుజువులు అడిగే గుమ్మాల సంగతి. మూడు గుమ్మాలు చెప్తాను.

మొదటిది రబ్బీల గుమ్మం. యూదు ధర్మశాస్త్రం ప్రకారం యూదుత్వం తల్లి నుంచి వస్తుంది. ఇజ్రాయెల్ 1950లో చేసిన తిరిగివచ్చే హక్కు చట్టానికి 1970లో సవరణ తెచ్చి, యూదు తల్లికి పుట్టినవాళ్లు లేదా మతం పుచ్చుకున్నవాళ్లు యూదులని రాసుకుంది. పైకి చూస్తే తల్లికి పెద్ద పీట. కాని ఆ పీట మీద కూచోబెట్టి ఏం అడిగారో చూడాలి. కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ వాళ్లు గానుగ ఆడించి నూనె తీసేవాళ్లు. శనివారం గానుగ ఆపేవాళ్లు కాబట్టి చుట్టుపక్కల వాళ్లు వీళ్లని శనివార తేలీలు అన్నారు. అంటే అక్కడా పనిని బట్టి కులం పేరే. వాళ్లు ఇజ్రాయెల్ చేరాక, ఇతర యూదులతో పెళ్లి కుదిరితే ఆ మనిషి తల్లి, తల్లి తల్లి, వీలైనంత వెనక్కి పోయి విచారించమని 1962లో అక్కడి ప్రధాన రబ్బీల సభ ఆదేశాలిచ్చింది. వాళ్లు వీధికెక్కారు. 1964లో పార్లమెంటు వాళ్లని అన్ని విధాలా సమానులైన యూదులుగా ప్రకటించాల్సొచ్చింది. తల్లి వంశం గౌరవం కోసం కాదు, అనుమానం కోసం అవసరమైంది. మణిపూర్, మిజోరం వైపు బ్నెయ్ మెనషె వాళ్లకి 2005లో ప్రధాన రబ్బీ గుర్తింపు దొరికింది. బెనె ఎఫ్రాయింకి అలాంటిది రాలేదు.

ఇక్కడ బైబిలు చదివే ఇంట్లో పుట్టినదాన్ని గనక వొక మాట అడగాలనిపిస్తుంది. ఎఫ్రాయిం తల్లి ఎవరు? ఆసెనతు. ఐగుప్తు దేశంలో ఓను యాజకుడి కూతురు. ఇశ్రాయేలు మనిషి కాదు. యాకోబు ఆ మనవళ్లని తన కొడుకులుగా ఎంచుకున్నాడు కాబట్టే వాళ్ల పేరున గోత్రాలు ఏర్పడ్డాయి. తర్వాత కాలపు తల్లి నియమం పెట్టి చూస్తే ఎఫ్రాయిమే ఆ గుమ్మం దగ్గర నిలబడి వివరణ ఇచ్చుకోవాలి.

రెండోది మన రెవెన్యూ ఆఫీసు గుమ్మం. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. కులం తండ్రి నుంచి వస్తుందనుకుంటారు. మా చిన్నమ్మ కూతురు చిన్నప్పుడే తండ్రి వదిలేసి పోయాడు. ఆయనది మా కులం కాదు. ఆ పిల్ల మా గూడెంలో, మా చర్చిలో, మా అవమానాల మధ్య పెరిగింది. కుల ధ్రువీకరణ కోసం పోతే తండ్రి కాగితం తెమ్మన్నారు. షెడ్యూల్డు కులపు తల్లి పెంచిన పిల్లలు తాము ఆ కులం వాళ్లలాగే పెరిగామని, ఆ వెనకబాటే అనుభవించామని చూపించుకోవచ్చని 2012లో రమేశ్‌భాయి దభాయి నాయికా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు సంగతి చెప్తే కౌంటరు అవతల మనిషి నా ముఖంలోకి చూసి మళ్లీ తండ్రి కాగితమే అడిగాడు.

అంతటితో అయిపోలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాని మొదట హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవులూ లేరు, యూదులూ లేరు. క్రైస్తవులైన దళితులు మన దగ్గర బీసీ-సి. అందుకని విచారణకి వస్తారన్న రోజు చిన్నమ్మ వూళ్లో ఇంటి గోడ మీది యేసు ప్రభువు కేలెండరు తీసి ట్రంకు పెట్టెలో పెట్టింది. తర్వాత ఆ మేకుకి ఏదీ తగిలించలేదు. కాగితం ఇంకా రాలేదు. కొత్తరెడ్డిపాలెంలో శుక్రవారం సాయంత్రం దీపాలు వెలిగించే తల్లికి గూడా ఈ చట్టం ముందు ఇదే చిక్కు. ప్రార్థనలో చెప్పుకునే పేరుకి ఆఫీసులో విలువ లేదు. ఆఫీసులో రాయించాల్సిన పేరు ప్రార్థనలో చెప్పుకోలేదు.

మూడో గుమ్మం మనది, అంటే పరిశోధకులది. మనం కాగితం అడగం. కథ అడుగుతాం. కాని వొక వరసలో వుండే కథ అడుగుతాం. మొదట ఎవరు చెప్పారు, ఏ యేడు, దేన్ని బట్టి? ఆ వరస ఇంటి పెద్ద మగవాళ్ల దగ్గర తొందరగా దొరుకుతుంది. అమ్మల జ్ఞాపకం వరసలో వుండదు. కూర వుడికేటప్పుడు కొంత, చావింట్లో కొంత వస్తుంది. అక్కచెల్లెళ్లు వొకళ్ల మాట వొకళ్లు కొట్టేసుకుంటారు. మా అమ్మమ్మ పుట్టింటి వూరు ఏదన్న దాని మీదే మా ఇంట్లో మూడు మాటలున్నాయి. టేపులో ఇదంతా గందరగోళంగా వినపడుతుంది. మనం శుభ్రం చేసి రాస్తాం.

ఆ శుభ్రం చేయటమే నా అభ్యంతరం. గొడ్డుమాంసం సంగతే చూడండి. బెనె ఎఫ్రాయిం గురించిన రాతల్లో అది ముఖ్యమైన గుర్తు. మాదిగలు గొడ్డుమాంసం తినటం అంటరానితనపు మచ్చ కాదు, పూర్వీకుల ఆచారం అనటంలో గొప్ప ఆత్మగౌరవం వుంది. నేను వొప్పుకుంటాను. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విద్యార్థులు బీఫ్ పండగ చేసినప్పుడు చెప్పిందీ వేరే మాటల్లో ఇదే. కాని మా పెద్దమ్మ జ్ఞాపకంలో గొడ్డుమాంసం వొక్కటి కాదు, మూడు. పండక్కి పాళ్లేసుకుని కోసుకున్న మాంసం వొకటి. దండేల మీద ఎండేసి వానాకాలానికి దాచుకున్న తునకలు రెండోది. వాళ్ల అమ్మమ్మ కాలంలో రైతు ఇంట్లో చచ్చి పడితే ఈడ్చుకొచ్చిన గొడ్డు మూడోది. "అది ఆచారం ఎట్టయిద్దే? ఆకలి" అంది పెద్దమ్మ. ఇంకా వుంది. కోసినప్పుడు నెత్తురు గిన్నెలో పట్టి, గడ్డకట్టాక ముక్కలు చేసి, వుల్లిపాయలేసి వండేవాళ్లు. ఆ కూర చెప్తుంటే ముగ్గురి కళ్లూ మెరిశాయి.

యూదు ధర్మంలో నెత్తురు నిషిద్ధం. మాంసానికి వుప్పు పట్టించి నెత్తురు చుక్క లేకుండా తీస్తారు. చచ్చిన జంతువు అసలు ముట్టుకోరు. అంటే గొడ్డుమాంసం రుజువుగా ఆ గుమ్మంలోకి పోవాలంటే పండగ మాంసం పోవచ్చు. నెత్తురు కూరా, చచ్చిన గొడ్డూ బయటే ఆగాలి. ద్వితీయోపదేశకాండం పద్నాలుగో అధ్యాయం చూడండి. చచ్చినదాన్ని మీరు తినొద్దని చెప్పిన చోటే, మీ దగ్గర వున్న పరదేశికి దాన్ని ఇయ్యొచ్చని కూడా వుంది. నేను అక్కడ ఆగిపోయాను. చచ్చినదాన్ని ఎవరికిస్తారో ఆ మనిషి మా వూళ్లో ఎవరు? మా అమ్మమ్మకి అమ్మమ్మే. ఆ వచనంలో మేం ఎఫ్రాయిం వైపు వున్నామా, పరదేశి వైపు వున్నామా? పెద్దమ్మ జ్ఞాపకం రెండో వైపు నిలబడింది. ఆ జ్ఞాపకాన్ని తీసేసి వంశాన్ని కట్టుకుంటే కట్టుకోవచ్చు. కాని అంటరానితనం అనుభవించింది ఎవరో అప్పుడు కథలో వుండదు.

ఇది యూదు గుమ్మం వొక్కదాని తప్పు కాదు. దానికంటే చాలా ముందే ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో జాన్ క్లౌ మాదిగలకి మూడు షరతులు పెట్టాడు. ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. కరువు కాలంలో 1878 జులై 3న వొక్కరోజే 2222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ షరతుల వల్ల మేలు జరగలేదని నేనను. ఆదివారం పనికి రానని రైతు మొహాన చెప్పటం చిన్న తిరుగుబాటేం కాదు. అయితే మాతంగిని వదిలిపెట్టి రమ్మన్నది కూడా అక్కడే. విచిత్రం ఏంటంటే, క్లౌ భార్య ఎమ్మా రోషెన్‌బుష్ క్లౌ 1899లో 'వైల్ సూయింగ్ శాండల్స్' అనే పుస్తకంలో మాదిగల పాత కథల్ని రాసిపెట్టింది. గుమ్మం బయట వదిలేసి రమ్మన్నవి మిషనరీ ఇంటి పుస్తకంలో మిగిలాయి.

కాబట్టి నేను చెప్పదలుచుకున్నది ఇదే. గుర్తింపు ఇచ్చే ప్రతి గుమ్మం దగ్గరా అమ్మ జ్ఞాపకంలోంచి ఏదో వొకటి బయట పెట్టి రమ్మంటారు. మిషన్ గుమ్మం దగ్గర మాతంగి, రబ్బీ గుమ్మం దగ్గర నెత్తురు కూర, ఆఫీసు గుమ్మం దగ్గర కేలెండరు. బయట పెట్టినవాటిని చదవటమే విమర్శ చేయాల్సిన పని.

ఈ చూపుతో మన కుటుంబ జ్ఞాపకాల పుస్తకాల్ని కూడా మళ్లీ చదవాలి. వై.బి. సత్యనారాయణ 'మై ఫాదర్ బాలయ్య' (2011) తెలంగాణ మాదిగ కుటుంబం రైలు వుద్యోగం, చదువుల ద్వారా ఎలా నిలదొక్కుకుందో చెప్పిన విలువైన పుస్తకం. పేరులోనే తండ్రి వున్నాడు. కథ తండ్రి పట్టుదల వెంట నడుస్తుంది. సుజాత గిడ్ల 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' (2017) మాల క్రైస్తవ కుటుంబానిది. మేనమామ కె.జి. సత్యమూర్తి, అంటే మన శివసాగర్, అందులో పెద్ద భాగం. కాని తల్లి మంజుల చదువూ, వుద్యోగం కోసం తిరిగిన వూళ్లూ, కాపురంలో పడ్డ కష్టమూ వచ్చేసరికి పుస్తకం వూపిరి మారుతుంది. వుద్యమం గొప్పతనాన్నీ, ఇంట్లో ఆడమనిషి అలసటనీ పక్కపక్కన పెట్టి రెండిట్లో దేన్నీ దాచలేదు.

ఎస్తేర్ డేవిడ్ నవల 'ది వాల్డ్ సిటీ' (1997)లో అహమ్మదాబాదు బెనె ఇజ్రాయెల్ ఇంటి మూడు తరాల ఆడవాళ్లు వుంటారు. వాళ్లకి తమ మతం మీద సందేహాలున్నాయి, పక్కింటి పండగల మీద మోజు వుంది. ఇవన్నీ ఆమె భయం లేకుండా రాయగలిగింది. ఎందుకు? ఆ నవల వచ్చేనాటికి వాళ్ల సముదాయానికి యూదులమని నిరూపించుకునే గొడవ తీరి ముప్పై యేళ్లు దాటింది. నిరూపణ భారం దిగాకే తల్లి జ్ఞాపకానికి తగువాడే స్వేచ్ఛ వస్తుంది. కొత్తరెడ్డిపాలెం తల్లులకి ఆ స్వేచ్ఛ ఇంకా రాలేదు. వాళ్లు చెప్పే ప్రతి మాటా సాక్ష్యం కింద జమవుతుంది. ఎస్తేర్ డేవిడే 2021లో తెచ్చిన వంటల పుస్తకం 'బెనె అపెటీట్'లో ఆంధ్ర బెనె ఎఫ్రాయిం వంటిళ్లకీ చోటిచ్చింది. అది మంచి మొదలు. వంటింటి నుంచి మొదలుపెట్టినవాళ్లు మన భాషలో ఎందుకు లేరో మనం ఆలోచించుకోవాలి.

నార్సింగి నుంచి గోల్కొండ ఎంతో దూరం లేదు. అక్కడి చరిత్రలో యూదుల మాటొస్తే సర్మద్ పేరు చెప్తారు. యూదు కుటుంబంలో పుట్టిన ఆ ఫకీరు కవిని 1647లో హైదరాబాదులో కలిశానని 'దబిస్తాన్' రాసినాయన చెప్పుకున్నాడు. సర్మద్ తల్లి గురించి ఎవరూ రాయలేదు. మూడు వందల డెబ్బై యేళ్ల తర్వాత కూడా మనం అదే పద్ధతిలో రాస్తే ఎట్టా?

నా మాటకి రెండు అభ్యంతరాలు రావచ్చు. బెనె ఎఫ్రాయిం వాళ్ల హక్కుని ఇది బలహీనం చేయదా అని వొకటి. చేయదనే నా నమ్మకం. మాదిగ తల్లి యూదు ప్రార్థన చేస్తే ఆమె యూదురాలనటానికి రెండు వేల యేళ్ల రుజువు అక్కర్లేదు. ఆమె చేస్తున్నది చాలు. రెండోది, తల్లుల జ్ఞాపకాన్ని మరీ పవిత్రం చేస్తున్నానని. అదీ కాదు. ముట్టయితే ఎడంగా కూచోబెట్టిందీ, మగపిల్లాడికి పెద్ద ముక్క వేసిందీ ఆ తల్లులే. అవీ రాయాలి. పవిత్రం చేయటమంటే మళ్లీ శుభ్రం చేయటమే కదా.

ఇప్పుడు మా అమ్మ ముందు ఇంకో గుమ్మం వుంది. కోకాపేటలో వంటకి కుదుర్చుకునేటప్పుడు "మీ ఇంట్లో ఏం వండుకుంటారు?" అని అడిగారట. "పప్పు" అని చెప్పింది. ఇక్కడ రబ్బీ లేడు, మిషనరీ లేడు, తాసీల్దారు లేడు. అయినా తునకల కూర బయట పెట్టి రావాల్సొచ్చింది.

ఈ వ్యాసం చదివి వినిపించాక చిన్నమ్మ తన కేలెండరు సంగతి వుంచమంది గాని కూతురి పేరు రాయొద్దంది. పెద్దమ్మ మాత్రం వొకటే అడిగింది. "నెత్తురు కూర తీసేయలేదు గదా?"

తీసేయలేదు.